ఉప్పు మోసిన వాళ్ళం, చెరకు కొట్టిన వాళ్ళం

చిన్నప్పుడు మాకు రెండు బళ్ళు ఉండేవి. ఒకటి సర్కారు బడి. రెండోది చెరకు తోట. దీపావళి దాటి బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో గానుగాట మొదలైందంటే మా తాండాలో సగం ఇండ్లకు తాళాలు పడేవి. అమ్మను మేం యాడి అంటాం. యాడి, బాపు కత్తులు పట్టుకొని మేస్త్రీ వెంట బయలుదేరేవాళ్ళు. వాళ్ళ వెనక మేం. చంకలో చెల్లెలు, నెత్తి మీద గిన్నెల మూట. ఇక ఎండలు ముదిరేదాకా మా పేర్లు హాజరు పట్టికలోనే ఉండేవి, మేం తోటల్లో ఉండేవాళ్ళం.

తోటలో పిల్లలకు కూడా పని ఉండేది. పెద్దవాళ్ళు కొట్టి పడేసిన గడలను ఒక వరసలో పేర్చాలి. చెరకు ఆకునే మెలిపెట్టి కట్టు చేసి అందించాలి. ఆకుల కొసలు ఏరి ఎడ్లకు వేయాలి. ఆకు అంచు కోసి చేతుల మీద గీతలు పడేవి. చెమట తగిలితే మంట పుట్టేది. అయినా ఆ తోటలో మేం నేర్చుకున్నది తక్కువ కాదు. గడను నేలకు ఆనించి కొట్టాలి. జానెడు మోడు మిగిలిందా, మేస్త్రీ తిట్లు మొదలు. ఎందుకంటే గడలో తీపి అంతా మొదట్లోనే ఉంటుంది, కొస చప్పగా ఉంటుంది. కొట్టిన చెరకు ఆ రోజే, కాకుంటే మర్నాడే కాంటా ఎక్కాలి. ఆలస్యమైతే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. కొట్టేముందు కొన్ని వారాలు తోటకు నీళ్ళు ఆపాలి. అప్పుడు గడలో తీపి చేరుతుంది. ఇవన్నీ మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చేతులకు వాటంతట అవే వచ్చాయి.

తరువాత మేం నిజామాబాద్ హాస్టల్‌కు వచ్చాం. తెలంగాణ లంబాడాలను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చింది 1976 చట్టం. మా ముందు తరానికి హాస్టల్ గడప ఎట్లా ఉంటుందో తెలియదు. కాబట్టి మేం అక్కడ కూర్చున్నామంటే అది మా తాండా మొత్తానికి పండుగే. పట్నంలో అన్నీ కొత్తవే. పలక మీద రాసే తెలుగు కూడా మాకు కొత్తదే. ఇంట్లో మాది గోర్ బోలి. నీళ్ళు మాకు పాణి, చెట్టు మాకు ఝాడ్.

ఒకరోజు జీవశాస్త్రం క్లాసులో మొక్కల్లో రవాణా పాఠం వచ్చింది. దారువు, పోషక కణజాలం, బాష్పోత్సేకం, ద్రవాభిసరణ. బోర్డు మీద ఆ మాటలు చూస్తుంటే గుండెలు జారిపోయాయి. సారు మధ్యలో ఆగి అడిగాడు, “మొక్కలో తయారైన ఆహారం ఎటు పోతుంది?” ఎవరూ లేవలేదు. మాలో ఒకడు లేచాడు. చెరకు కొట్టడంలో మా అందరికంటే వాడే చురుకు. “కిందికి పోతది సార్. అందుకే ఝాడ్ మొదలు తియ్యగుంటది, కొస సప్పగుంటది” అన్నాడు.

క్లాసంతా నవ్వింది. ఝాడ్ అన్నందుకు నవ్వారో, చెరకు తెచ్చినందుకు నవ్వారో ఇప్పటికీ మాకు తెలియదు. సారు కూడా నవ్వాడు. “నేను చెరకు గురించి అడిగిన్నా? పుస్తకంల ఏమున్నదో చెప్పు. లేకుంటే పోయి చెరకే కొట్టుకో” అన్నాడు. వాడు కూర్చున్నాడు. మేం నలుగురం వాడి పక్కనే ఉన్నాం. వాడు చెప్పింది మాకూ తెలుసు. అయినా ఒక్కరం నోరు విప్పలేదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన వాడు మళ్ళీ రాలేదు. ఆ ఏడాది తోటలో వాడికీ ఒక కత్తి ఇచ్చారు.

మేం మాత్రం పాఠం కంఠస్థం చేసి, పరీక్ష రాసి, పాసయ్యాం. తరువాత మాలో కొందరం టీచర్లమయ్యాం. అదే పాఠం చెప్పవలసిన రోజు మాకూ వచ్చింది. పుస్తకం తెరిచి చదువుతుంటే కొత్త సంగతి తెలిసింది. ఆ పాఠంలో ఉన్నదంతా మా తాండాలో మేం చూసిందే. దానికి పేర్లు మాత్రమే మాకు తెలియవు. ఆ రోజు నుంచి ఈ పాఠాన్ని మేం తాండా నుంచే మొదలుపెడుతున్నాం. ఎట్లా చెబుతున్నామో ఇక్కడ రాస్తాం.

ముందు తీజ్ బుట్ట. శ్రావణంలో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. మొలక ఎంత ఏపుగా వస్తే అంత శుభం. తెల్లవారి లేచి చూస్తే ప్రతి మొలక కొసన ఒక నీటి చుక్క నిలబడి ఉంటుంది. మేం దాన్ని మంచు అనుకునేవాళ్ళం. మంచయితే ఆకు మీదంతా పరుచుకోవాలి, బుట్ట అంచు మీద కూడా పడాలి. ఇది అట్లా కాదు. ఒక్కో మొలకకు ఒక్కో చుక్క, అదీ సరిగ్గా కొసనే. ఆ నీళ్ళు పై నుంచి పడినవి కావు, లోపలి నుంచి వచ్చినవి. నిన్న సాయంత్రం పిల్లలు పోసిన నీళ్ళే అవి.

వేర్లకు సన్నని నూగులాంటి మూలకేశాలుంటాయి. మట్టి రేణువుల నడుమకు చొరబడి నీళ్ళు పీల్చేవి అవే. మట్టి నీళ్ళలో లవణాలు పలుచగా ఉంటాయి, వేరు కణాల లోపల చిక్కగా ఉంటాయి. పలుచటి వైపు నుంచి చిక్కటి వైపుకు నీళ్ళు పలుచని పొర గుండా వాటంతట అవే జరుగుతాయి.  దీన్నే ద్రవాభిసరణ అంటారు. రాత్రి ఆకుల నుంచి నీళ్ళు ఆవిరయ్యేది చాలా తక్కువ. వేరు మాత్రం పీలుస్తూనే ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగి, ఆకు కొసనున్న సన్న రంధ్రం నుంచి చుక్క బయటికి వస్తుంది. ఆ ఒత్తిడి పేరు వేరు పీడనం. తీజ్ మొలక కొసన చుక్కను చూసిన పిల్లకు ఆ మాట మళ్ళీ చెప్పనవసరం లేదు.

అయితే వేరు తోసినంత మాత్రాన పెద్ద చెట్టు చిటారుకు నీళ్ళు అందవు. అక్కడ పని చేసేది తోపు కాదు, లాగుడు. పగటి పూట ఎండకు ఆకుల పత్ర రంధ్రాల నుంచి నీళ్ళు ఆవిరైపోతాయి. అదే బాష్పోత్సేకం. పోయిన నీటి చోటును నింపడానికి వెనకనున్న నీళ్ళు ముందుకు జరుగుతాయి. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. మా ఆడవాళ్ళు చేతులు పట్టుకొని ఆడుతున్నప్పుడు ముందున్న మనిషి అడుగేస్తే చివరి మనిషి దాకా అందరూ కదులుతారు కదా, అట్లా. ఆకు నుంచి వేరు దాకా ఆ నీటి దారం తెగకుండా ఉంటుంది. డిక్సన్, జోలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1894లో ఈ సంగతి చెప్పారు. వేరు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఇట్లా గాలిలో కలిసేదే. వట్టిగా పోయినట్టు అనిపిస్తుంది. కానీ ఆ పోక లేకపోతే పైకి రాకే లేదు. ఎండాకాలంలో తోటకు నీళ్ళు ఎందుకంత కావాలో దీంతో తెలుస్తుంది.

ఈ నీళ్ళు నడిచే దారి దారువు. అందులోని గొట్టాలు చచ్చిపోయిన కణాలు. లోపలి సరుకంతా పోయి, గట్టి గోడలు మాత్రం మిగిలి, ఒకదాని మీద ఒకటి నిలబడి పైపు అవుతాయి. దీన్ని చూపించడానికి మా బడిలో చెరకు పిలక ఒకటి తెచ్చి, మొదలు అడ్డంగా కోసి, ఎర్ర సిరా కలిపిన నీళ్ళలో నిలబెట్టి ఎండ తగిలే కిటికీ దగ్గర పెడతాం. మర్నాడు కాండాన్ని అడ్డంగా కోస్తే మధ్యలో అక్కడక్కడా ఎర్ర చుక్కలు కనబడతాయి. ఆ చుక్కలే నీటి గొట్టాలు.

ఇక లవణాలు. యాడి ఎప్పుడూ “చెట్టు మట్టి తిని పెరుగుతది” అనేది. మేం కూడా అట్లాగే నమ్మాం. ఐరోపాలో వాన్ హెల్మాంట్ అనే ఆయనకు అనుమానం వచ్చింది. తూచిన మట్టిలో ఒక చిన్న చెట్టు నాటి, 5 ఏళ్ళు వాన నీళ్ళు మాత్రం పోశాడు. ఆయన చనిపోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఈ ప్రయోగం ఉంది. చెట్టు ఎన్నో రెట్లు బరువెక్కింది. మట్టి మాత్రం కొద్ది తులాలే తగ్గింది. చెట్టంతా నీళ్ళతోనే తయారైందని ఆయన అనుకున్నాడు. అదీ పూర్తిగా నిజం కాదు. చెట్టు ఒంట్లో ఎక్కువ భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి, నీటి నుంచి తయారవుతుంది. ఆ సంగతి తరువాతి వాళ్ళు తేల్చారు. మరి మట్టిలో తగ్గిన ఆ కొంచెం ఏమిటి? అందులో ముఖ్యమైనవి ఖనిజ లవణాలు. కూరలో ఉప్పంత. ఉప్పు ఎంత వేస్తాం? చిటికెడే. అది లేకుంటే కూర నోట పెట్టలేం. చెట్టుకు కూడా నత్రజని, భాస్వరం, పొటాషియం లాంటివి కొంచెమే కావాలి. కానీ అవి లేకుంటే ఆకు పసుపెక్కుతుంది, గడ సన్నబడుతుంది.

ఈ లవణాలను వేరు ఊరికే పీల్చదు. నీటిలో ఏది ఉంటే అది వచ్చి పడేది కాదు. చాలావాటిని వేరు కణాలు శక్తి ఖర్చు చేసి, ఏరి, లోపలికి తెచ్చుకుంటాయి. శక్తి కావాలంటే వేరుకు ఊపిరి ఆడాలి, అంటే మట్టిలో గాలి ఉండాలి. చెరకు మడిలో వాన నీళ్ళు రోజుల తరబడి నిలిస్తే తోట పచ్చదనం పోతుంది. నీళ్ళు నిండుగా ఉన్నా మొక్క ఆకలితో ఉంటుంది. అందుకే పెద్దలు ముందు కాలువ తీసి నీళ్ళు బయటికి పంపేవాళ్ళు.

ఇక్కడ పిల్లలకు మేం ఒక మాట చెబుతాం. మనం కూడా ఉప్పు మోసిన వాళ్ళమే. లంబాడ అనే పేరు లవణం నుంచి వచ్చిందని చెప్పే పండితులున్నారు. రైళ్ళు రాకముందు దక్కన్‌లో వందల, వేల ఎడ్ల మీద సముద్రపు ఉప్పును లోపలి ఊళ్ళకు, లోపలి ఊళ్ళ ధాన్యాన్ని బయటి సంతలకు మోసింది మన పెద్దలే. రాజుల సైన్యాలకు, తరువాత బ్రిటిష్ వాళ్ళ సైన్యాలకు కూడా గింజలు అందించింది ఆ ఎడ్ల బారులే. పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్ళు, బండి బాటలు పెరిగాక ఆ పని పోయింది. ఎడ్లు దించి తాండాలు ఎక్కడివక్కడ నిలిచాయి. కూలికి దిగాయి. ‘రవాణా’ అనే మాట చూసి మా పిల్లలు భయపడనవసరం లేదు. అది మన పాత పనే.

ఇక తీపి. ఆకులో తయారైన చక్కెర నీళ్ళ దారిలో పోదు. దానికి వేరే దారి ఉంది, పోషక కణజాలం. ఈ దారి సంగతి చెట్టు బెరడు చెబుతుంది. తుమ్మ చెక్క కావలసి వస్తే యాడి మాకు ఒకటే మాట చెప్పేది. “ఒక దిక్కే తియ్యి. సుట్టూ తియ్యకు, ఝాడ్ సస్తది.” పొలం చేసుకోవడానికి చెట్టును చంపాలంటే మొదట్లో చుట్టూరా బెరడు వలిచి వదిలేసేవాళ్ళు. తమాషా ఏమిటంటే ఆ చెట్టు వెంటనే ఎండదు. కొన్నాళ్ళు ఆకు పచ్చగానే ఉంటుంది. ఎందుకంటే నీటి దారి కట్టె లోపల ఉంది, దాన్ని మనం ముట్టలేదు. చక్కెర దారి బెరడు లోపలి పొరలో ఉంది, అదే తెగింది. పై నుంచి తిండి రాక వేరు చస్తుంది. వేరు చచ్చాక ఆకు చస్తుంది. ఇటలీకి చెందిన మాల్పిజీ 1670లలో ఇట్లాగే బెరడు ఉంగరంలా తీసి చూశాడు. తీసిన చోటుకు పైన కాండం ఉబ్బింది. కిందికి పోయే తిండి అక్కడ ఆగిందన్నమాట. యాడికి మాల్పిజీ తెలియదు. కానీ చెట్టు ఎట్లా చస్తుందో తెలుసు.

చెరకుకు ఇట్లా వలిచే బెరడు ఉండదు. నీటి గొట్టం, చక్కెర గొట్టం జంటగా ఒకే పోగులో ఉంటాయి. అట్లాంటి పోగులు గడ నిండా చెదిరి ఉంటాయి. చెరకు నమిలితే రసం మింగి పిప్పి ఊస్తాం కదా, ఆ పిప్పిలోని పీచు ఈ పోగులే. రసం మాత్రం పోగుల్లో కంటే వాటి చుట్టూ ఉన్న మెత్తని కణాల్లోనే ఎక్కువ. గొట్టాలు మోసుకొచ్చి ఆ కణాల్లో నింపుతాయి. ముందు పెరిగిన కింది కణుపులు ముందు నిండుతాయి. కొసన ఉన్నవి ఇంకా పెరుగుతున్నాయి కాబట్టి వచ్చిన చక్కెరను పెరగడానికే ఖర్చు చేస్తాయి. మొదలు తియ్యగా, కొస చప్పగా ఉండడానికి కారణం ఇదే. హవాయి దీవుల్లో కాన్‌స్టన్స్ హార్ట్ అనే శాస్త్రవేత్త 1960లలో చెరకు ఆకుకు రేడియోధార్మిక కార్బన్ ఇచ్చి, అది ఎటు పోతుందో వెంబడించారు. ఆకు నుంచి కాండంలోకి, కాండంలో కిందికీ, కొంత పైనున్న లేత భాగాలకూ పోయింది. మా క్లాసులో నవ్వులపాలైన జవాబుకు అదే సాక్ష్యం.

కానీ ‘కిందికి’ అన్నది సగం జవాబే. ఆ సారు నవ్వకుండా ఇంకో ప్రశ్న అడిగి ఉంటే మిగతా సగం కూడా వాడే చెప్పేవాడు. చెరకు నాటేటప్పుడు మూడు కళ్ళ ముచ్చెలు పెడతాం. అప్పుడు ఆకు లేదు, తిండి తయారీ లేదు. ముచ్చెలో దాచిన చక్కెరే పైకి నడిచి మొలకను పెంచుతుంది. ఇప్పచెట్టు చూడండి. ఆకు రాల్చి మోడుగా ఉన్నప్పుడే పూస్తుంది. ఆ పువ్వులోని తీపి, వెనకటి కాలంలో ఆకులు చేసి కాండంలో దాచిన తిండి నుంచి వచ్చిందే. కాబట్టి తిండి ఎక్కడ ఉందో అక్కడి నుంచి, ఎక్కడ కావాలో అక్కడికి నడుస్తుంది. కింద కావాలంటే కిందికి, పైన కావాలంటే పైకి. నిజామాబాద్ చుట్టూ చూస్తే ఇదంతా కళ్ళముందే ఉంది. చెరకు కాండంలో దాస్తుంది. పసుపు భూమిలో కొమ్ములో దాస్తుంది. వరి గింజలో దాస్తుంది. దారి ఒకటే, గమ్యాలే వేరు.

ఆ గొట్టంలో చక్కెర ఎట్లా నడుస్తుందో మ్యూంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1930లో వివరించాడు. ఆకు దగ్గర గొట్టంలోకి చక్కెర ఎక్కుతుంది. అక్కడ చిక్కదనం పెరిగి, పక్కనున్న దారువు నుంచి నీళ్ళు వచ్చి చేరుతాయి. ఒత్తిడి పెరుగుతుంది. అటు చివర చక్కెర దిగిపోతుంటే ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడికి రసం పారుతుంది, గంటకు ఇంచుమించు ఒక మీటరు లెక్కన. తాటి గెల గీస్తే కల్లు కారడం, పేనుబంక పట్టిన ఆకు జిగటగా ఉండడం ఇందుకే. 1953లో కెన్నెడీ, మిట్లర్ అనే ఇద్దరు ఈ పురుగు సాయమే తీసుకున్నారు. పురుగు తన సన్న ముక్కును గొట్టంలోకి గుచ్చాక పురుగును కోసి, ముక్కును అట్లాగే ఉంచారు. దాని నుంచి రసం కారుతూనే ఉంది. పురుగు పీల్చక్కర లేదు, రసమే ఒత్తిడితో వస్తుందని తేలింది.

మొన్న ఈ పాఠం చెబుతుంటే చివరి బెంచీలో ఒక అమ్మాయి లేచింది. ఆ ఏడాది తల్లిదండ్రులు పొరుగు రాష్ట్రానికి కోతలకు పోతే రెండు నెలలు బడి తప్పింది. మళ్ళీ వస్తుందో రాదో అని మేం అనుకున్న పిల్ల. “సార్, నీళ్ళు పోయే గొట్టాలు సచ్చినయ్ అన్నరు. తీపి పోయే గొట్టాలు బతికున్నయ్ అన్నరు. గట్లెందుకు?” అని అడిగింది. ఇన్నేళ్ళ సర్వీసులో మమ్మల్ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మాకు మేమూ అడుగుకోలేదు. కాసేపు ఆలోచించి చెప్పాం. నీళ్ళను పైకి లాగే పని ఎండ చేస్తుంది. గొట్టం ఖాళీగా, గట్టిగా ఉంటే చాలు, బతికి ఉండనవసరం లేదు. చక్కెరను మాత్రం ఆకు దగ్గర ఎక్కించాలి, గడ దగ్గర దించాలి. ఎక్కించడం, దించడం కష్టం చేసే పని. అందుకు బతికున్న కణాలు కావాలి. చక్కెర గొట్టం కణంలో కేంద్రకం కూడా ఉండదు. పక్కనే ఒక సహకణం ఆనుకొని ఉండి దాని బాగోగులు చూస్తుంది. ఆ అమ్మాయి విని, “అంటే అవి హమాలీలన్నట్టు” అంది. ఈసారి కూడా క్లాసు నవ్వింది. మేం బోర్డు మీద ఆ మాట రాశాం.

హమాలీల మాట వచ్చింది కాబట్టి మా తోటల సంగతీ చెప్పాలి. ఈ ప్రాంతంలో చెరకు ఇంతగా పెరగడానికి మంజీర మీద కట్టిన నిజాంసాగర్ కారణం. 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. దాదాపు 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలని అప్పటి లెక్క. ఆ నీళ్ళను నమ్ముకొని 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని దానికి పేరు. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి మూశారు. దించుకునే చోటు మూతపడితే దారి పొడవునా ఏమవుతుందో ఉంగరంలా చెక్క తీసిన చెట్టు చెబుతుంది. చెరకు వేసే పొలాలు వరికి, సోయాకు మారాయి. కొట్టే చేతులకు పని తగ్గింది. మా వాళ్ళు కత్తులు పట్టుకొని దూరం పోతున్నారు. వాళ్ళ వెంట పిల్లలూ పోతున్నారు.

మా వాళ్ళకు అన్నీ ముందే తెలుసని మేం చెప్పడం లేదు. చెట్టు మట్టి తింటుందన్న యాడి మాట తప్పే. దాన్ని సరిదిద్దింది చదువే. తీజ్ చుక్కను మంచనుకున్నది మేమే. కానీ చుక్కను చూసిన కన్ను, మొదలు కొరికిన నాలుక, చుట్టూ వలవొద్దన్న జాగ్రత్త మనవి. పుస్తకం వాటికి కారణం చెబుతుంది. టీచర్లకు మా మనవి ఒక్కటే. ఈ పాఠం మొదలుపెట్టే ముందు తాండా పిల్లలను, గూడెం పిల్లలను పది నిమిషాలు మాట్లాడనివ్వండి. వాళ్ళ మాటలో ఝాడ్ అని వస్తే రానివ్వండి. దారువు అనే మాట తరువాత మీరు కలపవచ్చు. కోతలకు పోయి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా ఒక మాట. మీరు తప్పిన రెండు నెలల్లో మీరు చూసినవి రాసి తెండి. తప్పిన పాఠం మేం చెబుతాం. బడి మాత్రం విడవకండి.

పోయిన చలికాలంలో మేం తాండాకు పోయినప్పుడు ఆ పాత దోస్తును కలిశాం. వాడిప్పుడు వరి కోతల మిషన్ వెంట పోతున్నాడు. ఇంటి వెనక నాలుగు చెరకు గడలు తినడానికి పెంచుకున్నాడు. మంచం మీద కూర్చొని, హవాయి సంగతి, రేడియో కార్బన్ సంగతి అంతా చెప్పాం. “ఆ రోజు నువ్వు చెప్పింది కరెక్టేరా. మేమే నోరు తెరవలే” అన్నాం. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “కరెక్టని నాకు ఎర్కనే. ఎవలన్న ఒక్కలు అంటరేమో అని సూసిన” అన్నాడు.

లేచి పోయి కత్తి తెచ్చి ఒక గడ కొట్టాడు. వంగి, నేలకు ఆనించే కొట్టాడు. మొదటి ముక్కలు మాకిచ్చి కొస ముక్క తను తీసుకున్నాడు. మేం వద్దన్నా వినలేదు. వాడి కొడుకు ఈ ఏడాది తొమ్మిదో తరగతి. వచ్చే ఏడాది ఈ పాఠం వాడికి మేమే చెప్పాలి.